సైలెన్సర్‌లో ఎర్రంచు తువాల

మామయ్య పోయారని తెలిసినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఎయిర్‌పోర్టు సరుకుల గోడౌన్‌లో మామిడిపండ్ల పెట్టెలకు అంటించిన చీటీలు సరిచూస్తుంటే నా భార్య ఫోన్ చేసింది. "బాపు..." అని ఆగింది. వాళ్ల ఇంటి మీదుగా విమానం దిగుతున్న మోత ఫోన్‌లో వినిపిస్తోంది. ఆ మోత పూర్తిగా తగ్గేదాకా ఆగి, అప్పుడు మిగతా మాట చెప్పింది. అంత దుఃఖంలోనూ ఆగింది. అది ఆయన నేర్పిన అలవాటు. ఆ ఇంట్లో ఎవరూ విమానం మోత ఉండగా మాట్లాడరు.

పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నారట. అత్తయ్య గ్లాసు తీయడానికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఎవ్వరినీ పరేషాన్ చేయకుండా పోయిండని వచ్చినవాళ్లందరూ అన్నారు. బతికున్నప్పుడూ అంతే. తన పని తాను చేసుకునే మనిషి. ఆ పనిలో ఎక్కువ భాగం ఒక పాత మోటారుసైకిలుతోనే కాబట్టి, ఆయన గురించి చెప్పాలంటే నాకు ఆ బండి గురించి చెప్పక తప్పదు. ఆ బండికీ, ఆయనకూ కలిపి నేను చేసిన ఒక వెధవ పని గురించీ చెప్పాలి. దాన్ని ఆయన క్షమించారో లేదో అడగడానికి నాకు ఏడాది సమయం దొరికింది. అడగలేదు. ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను.

వాళ్లది తొండుపల్లి. కాస్త పొలం, అందులో టమాట, పాలకూర, కొత్తిమీర. తెల్లారేసరికి గంపలు బండికి కట్టుకుని శంషాబాద్ మార్కెట్‌కు తీసుకెళ్లేవారు. నా భార్య పుట్టిన ఏడాదే ఆ బండి కొన్నారు. ఆమెకన్నా అది రెండు నెలలు పెద్దది. అందుకని ఇంట్లో దాన్ని పెద్దబిడ్డ అనేవాళ్లు. ఊరి మలుపులో దాని చప్పుడు వినబడగానే అత్తయ్య పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది. మామయ్య వాకిట్లో బండి ఆపేసరికి చాయ్ మరిగేది. ఇన్నేళ్లలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని ఆమె గొప్పగా చెప్పుకునేది.

నాది కృష్ణా జిల్లా. ఉద్యోగానికి వచ్చి, శంషాబాద్‌లో కిరాయికి ఉంటూ, మా ఇద్దరి ఇష్టంతో ఆ ఇంటి అల్లుణ్నయ్యాను. మొదట్లో నేను "అండీ" అన్నప్పుడల్లా ఆయన పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేవారు. తిరిగి నన్ను ఏమనాలో ఆయనకూ తెలిసేది కాదు. "అల్లుడుగారూ, మీరు జర నీడకు కూసోండ్రి" అనేవారు. అత్తయ్య లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసేది. చేతిలో చాయ్, పక్కన మురుకుల పళ్లెం. ఎదురుగా షాబాద్ బండల మీద పొట్టి పీట వేసుకుని ఆయన బండి విప్పుతుంటే, నేను బహుమతులు ఇవ్వడానికి వచ్చిన ముఖ్య అతిథిలా కూర్చుని చూసేవాణ్ని. సాయం చేయబోతే అత్తయ్య పరుగెత్తుకొచ్చేది. "అయ్యో, అల్లునితోటి పని చేపిస్తే మా ఇజ్జత్ ఏంగాను? కూసోండ్రి!" అనేది. అలా కూర్చునే పన్నెండేళ్లు గడిపాను.

అయితే ఆ కుర్చీలోంచి నేను చూసినవి నాకు ఇప్పటికీ బాగా గుర్తు. అది పెట్రోలులో నూనె కలిపి పోసే పాతకాలపు ఇంజన్. ఆ నూనె కాలి, మసిగా మారి, సైలెన్సర్ లోపల పేరుకుపోతుంది. ఏడాదికోసారి లోపలి గొట్టం బయటికి లాగి నిప్పుల్లో కాల్చి దులపాలి. దానికి ఆయనకు దొరికింది అత్తయ్య నీళ్లపొయ్యి. పైన స్నానానికి నీళ్లు, కింద పిడకల మధ్య సైలెన్సర్ గొట్టం.

"నా నీళ్లపొయ్యే దొరికిందా నీకు? ఇగ తానం నీళ్లకు గూడ పెట్రోల్ వాసనే!"

"మంచిదే గదనే. పడిశం గిట్ల ఉంటే పోతది."

గొట్టం ఎర్రబడ్డాక పట్టకారుతో తీసి చల్లారబెట్టి, కర్రతో చుట్టూ మెల్లగా కొట్టేవారు. పెంకులు పెంకులుగా నల్లటి మసి రాలేది. ఆ మరక వాకిట్లో ఒక బండ మీద గుండ్రంగా ఉండిపోయింది. అత్తయ్య ఎన్ని ముగ్గులు పెట్టినా ఆ బండ మీద మాత్రం పెట్టడం మానేసింది.

ఒకసారి సైలెన్సర్‌కు కింది వైపు చిల్లు పడింది. వెల్డింగ్ చేయిద్దామండీ అన్నాను కుర్చీలోంచే, పెద్ద తెలిసినవాడిలా. "రేకు పల్చగైంది అల్లుడుగారూ. వెల్డింగోడు ఒక బొక్క మూస్తడు, రెండు బొక్కలు చేస్తడు" అన్నారు. నూనె డబ్బా రేకు కత్తిరించి, రెండు మడతలు చుట్టి, రెండు క్లిప్పులతో బిగించారు. తర్వాత బండి స్టార్ట్ చేసి, అతుకు చుట్టూ అరచెయ్యి దూరంగా తిప్పుతూ, పొగ ఎక్కడైనా తగులుతోందా అని చూశారు. చెవి ఆ చప్పుడు మీదే ఉంది. సరిగ్గా అప్పుడే నెత్తి మీదికి విమానం వచ్చింది. ఆయన నట్లు బిగించే పానా పట్టుకున్న చెయ్యి పైకెత్తారు, అందరూ ఆగండి అన్నట్టు. అత్తయ్య చెంబు పట్టుకుని నిలబడిపోయింది. నేను మురుకు నమలడం ఆపాను. విమానం దిగిపోయి, మోత సద్దుమణిగాక చెయ్యి దించి మళ్లీ వినడం మొదలుపెట్టారు.

"బండి చెప్తది, మనం ఇనాలె. ఇద్దరు ఒక్కపారే మాట్లాడితే ఎవ్వలిది ఇనబడది" అన్నారు. విమానం ఇంజన్ మీద ఆయనకు కోపమేమీ లేదు. దాని వంతు దానికి ఇచ్చేవారు, అంతే.

బ్రేకుల విషయంలో మాత్రం ఆయన వేరే మనిషి. అక్కడ హాస్యం ఉండదు. వానాకాలం పోగానే చక్రం ఊడదీసి, డ్రమ్ము తెరిచి, లోపలి ధూళిని తడిగుడ్డతో అద్ది తీసేవారు. నోటితో ఊదనిచ్చేవారు కాదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదని. డ్రమ్ముకు ఒరిసి చక్రాన్ని ఆపే బ్రేకు షూలు గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి, నూనె చుక్క అంటిందేమో అని ఎండకు పట్టి చూసేవారు. "నడుపుడు ఎవడైనా నడుపుతడు. ఆపుడే పని" అనేవారు. వాకిట్లో పదిసార్లు ముందుకూ వెనక్కూ తోసి, పదిసార్లూ బ్రేకు నొక్కి చూశాకే దాని మీద గంప ఎక్కేది.

నిరుడు వేసవి ముందు, మార్కెట్ నుంచి వస్తూ సర్వీస్ రోడ్డు మీద ఆయనకు కళ్లు తిరిగాయి. బండి పక్కకు తీసి, బ్రేకు వేసి, స్టాండు కూడా వేసి, అప్పుడు దాని చక్రానికి ఆనుకుని కూలబడ్డారు. ఎవరో ఆటోవాడు ఇంటికి తెచ్చాడు. దవాఖానలో డాక్టరు గుండె బలహీనంగా ఉంది, బండి నడపొద్దు అన్నాడు. వారం తిరక్కుండా మళ్లీ గంపలు కట్టారు. అత్తయ్య ఏడ్చింది. నా భార్య కొట్లాడింది. "డాక్టరుకు నా గుండె తెలుసు, నా బండి తెల్వదు" అన్నారాయన.

"మీరే చెప్పుండ్రి. అల్లుని మాట కాదనడు" అంది నా భార్య.

నేను చెప్పలేకపోయాను. నవ్వకండి. పన్నెండేళ్లలో ఆయన నన్ను ఒక్క పని చేయమనలేదు, నేను ఆయన్ని ఒక్క పని మానమనలేదు. అంత మర్యాద మా మధ్య. ఆ మర్యాదే నా చేత దొంగపని చేయించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన అన్నం తిని కునుకు తీస్తున్నారు. దండెం మీద ఒక పాత తువాల ఉంది. ప్రతి దసరాకూ ఆ ఇంట్లో అల్లుడికి బట్టలు పెడతారు, మీదికి ఒక ఎర్రంచు తువాల. నాలుగు దసరాల కిందటిది వెలిసిపోయి వాళ్లింట్లోనే ఉండిపోయింది. అంచు మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని చింపి, సగం ముక్కను సైలెన్సర్ చివర్లో కుక్కి, పుల్లతో లోపలికి నెట్టాను. పొగ బయటికి పోకపోతే ఇంజన్ అందుకోదు. రెండు రోజులు తంటాలు పడి, పాతబండి కదా అని ఆయనే వదిలేస్తారు, మాట అనాల్సిన అవసరం నాకు రాదు అని నా లెక్క. ఇంటికొచ్చి నా భార్యతో చెబితే ఆమె కూడా మంచి పని చేశారంది.

ఆయన వదిలేసే మనిషైతే ఆ బండి అన్నేళ్లు ఎందుకు నడుస్తుంది? ఆ ఒక్కటి మా ఇద్దరికీ తట్టలేదు.

సోమవారం ప్లగ్గు విప్పి శుభ్రం చేశారు. మంగళవారం కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగారు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు చూశారు. డ్యూటీ దిగి నేను రోజూ అక్కడికే వెళ్లాను, నా కుర్చీలో నేను కూర్చున్నాను. "దీనికి ఏమైందో సమజైతలేదు అల్లుడుగారూ. ఎన్నడు నాతోటి మాట్లాడక గిట్ల ఉండలే" అన్నారు. సైలెన్సర్ సంగతి ఆయనకు తోచలేదు. మొన్ననే కాల్చి, దులిపి, తన చేత్తో పెట్టిన సైలెన్సర్ కదా. దాన్ని అనుమానించలేదు. నన్ను అసలే అనుమానించలేదు.

బుధవారం సాయంత్రం అన్నీ మళ్లీ బిగించి కిక్కు కొట్టడం మొదలుపెట్టారు. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సీటు మీద చెయ్యి వేసి వంగి నిలబడ్డారు. ఊపిరి చప్పుడు నా కుర్చీ దాకా వినిపిస్తోంది. ఆ గుండెను కాపాడటానికే కదా నేను ఆ గుడ్డ పెట్టింది! ఆ గుండెనే మూడు రోజులుగా తన్నిస్తున్నాను. ఆయన మళ్లీ కాలు ఎత్తారు.

కుర్చీ తన్నుకుని లేచాను. "మామయ్యా, కొట్టకండి. సైలెన్సర్‌లో గుడ్డ ఉంది. నేనే పెట్టాను."

ఆయన కాలు దించారు. నావైపు చూడలేదు. పీట మీద కూర్చుని, ఒక తీగ కొసను కొక్కెంలా వంచి, సైలెన్సర్ చివర్లో పెట్టి లాగారు. మసి పట్టిన గుడ్డ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. మోకాలి మీద పరిచి చూశారు. అంచు దగ్గర బొటనవేలితో తుడిచారు. ఎరుపు కనబడింది.

"గిది మన దసర తువాలనే గదా?"

అవునన్నాను. అంతకంటే పెద్ద తిట్టు నేను జీవితంలో తినలేదు. ఇంతలో విమానం వచ్చింది. ఆయన అలవాటుగా చెయ్యెత్తారు. ఆ విమానం పోవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అత్తయ్య గుమ్మంలో ఉంది, నేను వాకిట్లో ఉన్నాను, ఆయన చెయ్యి మా ముగ్గురి మధ్యా గాల్లో ఉంది. మోత పోయాక దించారు.

"ఆపాలంటె బ్రేకున్నది అల్లుడా. ఎదురుంగ నిలబడి ఆపాలె. ఎన్కకెళ్లి వచ్చి గుడ్డ కుక్కుడేంది? పొగ పోనియ్యకుంటె అది లోపల్నే సస్తది." గొంతు పెంచలేదు. "ఇప్పుడు చెప్పు. నోటితోటి చెప్పు. ఏం గావాలె నీకు?"

"బండి నడపకండి మామయ్యా. మాకు భయంగా ఉంది. నాకు భయంగా ఉంది."

గుడ్డ మడతలు సరిచేశారు. "గీ ముక్క మూడొద్దుల కింద చెప్తె, ఒక్క కిక్కు గూడ కొట్టకపోతుంటి గద" అన్నారు. లేచి, ఆ తువాల ముక్కను సబ్బుతో ఉతికి దండెం మీద ఆరేశారు. ఒక్క కిక్కుకు బండి అందుకుంది. కాసేపు దాని చప్పుడు విని, ఆయనే ఆపేసి, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. కోపమో, బాధో, అలసటో నాకు తెలియలేదు. ఆ వారమంతా సరిగ్గా నిద్రపోలేదు నేను. ఇక ఆ వాకిట్లో కుర్చీ వేస్తారు, చాయ్ ఇస్తారు, కానీ ఆయన నాతో మనసిచ్చి మాట్లాడరు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం వెళ్తే వెనుక చక్రం ఊడదీసి ఉంది. "దా, ఇట్ల కూసో" అన్నారు, తన పక్కన బండ చూపించి. అత్తయ్య కుర్చీతో వచ్చి ఆగిపోయింది.

"గదేంది, అల్లునితోటి మసి పని చేపిస్తవా?"

"చిన్నబిడ్డను ఎప్పుడో ఇచ్చిన. ఇగ పెద్దబిడ్డను గూడ ఇస్తున్న. ఎట్ల సూసుకోవాల్నో నేర్పద్దా?"

ఆ రోజు తొలిసారి నా చేతికి గరుకు కాగితం వచ్చింది. షూలు నేనే రుద్దాను. సగానికి అరిగాయి, ముందుగానే కొత్తవి తెద్దామని ఆయన అంటే మరుసటి వారం షాద్‌నగర్‌లో ఒక పాత దుకాణానికి వెళ్లాం. నేను నడిపాను, ఆయన వెనుక కూర్చున్నారు. "ఇంకా నడుస్తుందా పెద్దాయనా ఈ బండి?" అన్నాడు దుకాణం మనిషి. "నడుసుడొక్కటేనా? ఆగుతది గూడ" అన్నారు మామయ్య, నావైపు ఓరగా చూసి. నేను తల దించుకుని కొత్త షూలు లెక్కపెట్టినట్టు నటించాను. ఉన్నవి రెండే.

అవి బిగించాక, బ్రేకు పెడల్ ఎత్తు మార్చారు. ఇన్నేళ్లూ అది ఆయన కాలికి అమర్చి ఉంది. ఆయన కుడికాలి బొటనవేలు ఎప్పుడో పొలం చదును చేస్తుంటే గుంటక తగిలి వంకరపోయింది, అందుకని పెడల్ బాగా కిందికి ఉండేది. నన్ను బండెక్కించి, చెప్పు విప్పించి, నా పాదం పట్టుకుని పెడల్ మీద పెట్టి, ఇక్కడికి సరిపోయిందా, ఇక్కడికా అని అడుగుతూ నట్టు తిప్పారు. మామగారు నా కాలు పట్టుకోవడమేమిటని నేను వెనక్కి లాక్కోబోయాను. "ఎనక కూసునేటోనికి బ్రేకు చేతుల ఉండది. నా పానం నీ కాలు కింద ఉంటది. సక్కగ పెట్టు" అన్నారు.

అప్పటి నుంచి మొన్నటి దాకా, నాకు సెలవున్న ప్రతి పొద్దునా మేమిద్దరం మార్కెట్‌కు వెళ్లాం. మధ్యలో చిన్న గంప, వెనుక ఆయన, నా భుజం మీద ఒక చెయ్యి. మాట్లాడేవారు కాదు. స్పీడు బ్రేకర్ వచ్చే ముందు ఆ వేళ్లు కొంచెం బిగిసేవి. నేను బ్రేకు వేయగానే వదులయ్యేవి. ఇంటికి ఆయన లేకుండా నేనొక్కణ్నే బండి తెచ్చినా, మలుపులో చప్పుడు విని అత్తయ్య చాయ్ పెట్టేది. ఆ ఏడాదిలో ఆయన నన్ను మీరు అని పిలిచినట్టు గుర్తు లేదు. తువాల సంగతి మాత్రం ఎవరమూ ఎత్తలేదు. దండెం మీంచి అది ఏమైందో కూడా నేను అడగలేదు. క్షమించారా అని అడిగితే ఆయన ఏమనేవారో ఇక తెలియదు.

పదకొండో రోజు అయిపోయి చుట్టాలందరూ వెళ్లాక, మర్నాడు పొద్దెక్కాక బండిని నీడలోకి తోస్తే వెనుక బ్రేకు కీచుమంది. పంచె ఎగ్గట్టి బండల మీద కూర్చున్నాను, ఆ నల్లటి గుండ్రటి మరక పక్కన. అత్తయ్య లోపలి నుంచి వచ్చింది. కుర్చీ తెస్తుందనుకున్నాను. చేతిలో ఆయన పొట్టి పీట ఉంది.

"బండ కాలుతది బిడ్డా. దీని మీద కూసో."

చంకలోంచి ఒక మూట తీసి నా ముందు పెట్టింది. పానాలు, పట్టకారు, మిగిలిన గరుకు కాగితం. అన్నీ కలిపి ఎర్రంచు తువాల ముక్కలో కట్టి ఉన్నాయి. మసి ఆనవాలు లేదు, తెల్లగా ఉతికి ఉంది.

"పోయిన దసరకే కట్టిపెట్టిండు. అల్లుడు ఒక్కడే బ్రేకు ఇప్పిననాడు ఇయ్యి అన్నడు."

ముడి విప్పడానికి నాకు కాసేపు పట్టింది. చక్రం ఊడదీశాను. తడిగుడ్డతో ధూళి అద్దాను, నోటితో ఊదలేదు. అత్తయ్య గుమ్మం మెట్టు మీద కూర్చుని చూస్తోంది.

"నీ లెక్కనే మీ మామ గూడ..." అని ఏదో చెప్పబోయింది. అప్పుడు విమానం వచ్చింది. చాలా కిందుగా, నీడ వాకిట్లోంచి జారిపోయేంత కిందుగా వచ్చింది. పానా పట్టుకున్న నా చెయ్యి దానంతట అది పైకి లేచింది. ఆమె ఆగింది. విమానం దిగిపోయింది, మోత తగ్గింది, చివరికి దండెం మీద కాకి అరుపు కూడా వినబడింది. అయినా ఆమె మాట మొదలుపెట్టలేదు, నేను చెయ్యి దించలేదు.